మోడిఫై చేసిన బండి వెనక బ్రేకులో గాలి తీయడం ఎలా

"అన్నా, బ్రేక్ ఆయిల్ సీసా మొత్తం పోసేశాను. అయినా వెనక పెడల్ దూదిలో కాలు పెట్టినట్టే దిగిపోతోంది. ఇంకేం చెయ్యాలి?"

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగినవాళ్లలో ఎక్కువమంది మామూలు బండిని మార్పించి బాబరో, కెఫే రేసరో, స్క్రాంబ్లరో లాంటి స్టైల్లో కట్టించుకున్నవాళ్లే. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి ఈ పని అరగంటలో అయిపోతుంది. మార్పులు చేసిన బండికి రోజంతా పడుతుంది, కొన్నిసార్లు అసలు అవ్వదు. కారణం ఒక్కటే. బండిలో వస్తువుల చోట్లు మారాయి, మనం మాత్రం పాత పద్ధతిలోనే పెడల్ తొక్కుతున్నాం.

ఆయిల్‌ని నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పైపులో బుడగ ఉంటే మీ కాలి బలమంతా దాన్ని నలపడానికే పోతుంది, ప్యాడ్ల దాకా రాదు. ఆ బుడగ ఎప్పుడూ పైకే చేరుతుంది. మన పని దానికి పైనుంచి దారి చూపించడం. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

ముందు ఓ పది నిమిషాలు చూడండి

స్పానర్ పట్టుకునే ముందు బండి పక్కన నేల మీద కూర్చోండి. వెనక చక్రం నుంచి పెడల్ దాకా బ్రేక్ పైపుని వేలితో తడుముతూ రండి. నాలుగు విషయాలు చూడాలి.

చక్రం దగ్గర ప్యాడ్లతో డిస్కుని పట్టే కాలిపర్ మీద, గాలి వదిలే చిన్న మర ఉంటుంది, అదే నిప్పిల్. అది ఎక్కడుంది? గడియారం ముల్లులా ఊహించుకుంటే 12 గంటల దగ్గరుండాలి, 11 నుంచి 1 మధ్య ఎక్కడున్నా పర్లేదు. చూడ్డానికి బాగుంటుందని చాలా బళ్లలో కాలిపర్‌ని, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కిందికి దించేస్తారు. అప్పుడు నిప్పిల్ పక్కకో కిందికో తిరిగిపోతుంది. బుడగ పైన కూర్చుంటుంది, మీరు కింద తలుపు తీస్తారు. ఎన్ని సీసాలు పోసినా లాభం లేదు. నా బండికి సరిగ్గా ఇదే జరిగింది. రెండు ఆదివారాలు, మూడు సీసాలు పోయాక గానీ నిప్పిల్ 7 గంటల దగ్గరుందని నేను చూడలేదు. అందుకే ఈ మాట అన్నిటికంటే ముందు చెబుతున్నాను.

పైపు ఎక్కడైనా గూనిలా పైకి లేచి మళ్లీ కిందికి దిగుతోందా? పెడల్ ముందుకి జరిపిన బళ్లలో పైపు పొడవు పెరుగుతుంది. మిగిలిన పొడవుని ఫ్రేమ్ లోపల చుట్టి కట్టేస్తారు. ఆ చుట్టు పైభాగం గాలికి గూడు. బ్రేక్ లైటు స్విచ్ కనపడకూడదని, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ మీద పైపుని బిగించే బ్యాంజో బోల్టుకి (లోపల ఆయిల్ పారే బోలు బోల్టు) బదులు ప్రెషర్ స్విచ్ బిగించి ఉంటే, గాలి అక్కడ కూడా ఆగుతుంది.

ఆయిల్ డబ్బా మాస్టర్ సిలిండర్ కంటే ఎత్తులో ఉందా? డబ్బా నుంచి వచ్చే రబ్బరు గొట్టం మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా ఒకే వాలుగా దిగాలి.

ఆఖరిది పెడల్ లూజు. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే రాడ్డు 1, 2 మి.మీ. ఆడాలి. బిగుసుకుని ఉంటే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, డబ్బా నుంచి ఆయిల్ దిగే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది. అలాంటప్పుడు గాలి రాదు సరికదా, రోడ్డు మీద బ్రేక్ దానంతటదే పట్టేసి చక్రం కాలిపోతుంది. ఫుట్ పెగ్‌లు మార్పించుకున్న ప్రతి ఒక్కరూ దీన్ని చూసుకోవాలి.

కావాల్సినవి

బ్రేక్ ఆయిల్, 250 మి.లీ. కొత్త సీసాలు రెండు. ఏ రకమో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, మన బళ్లలో ఎక్కువగా డాట్ 3 లేదా డాట్ 4. పెడల్, మాస్టర్ సిలిండర్, కాలిపర్ వేర్వేరు బళ్లవి అయితే మాస్టర్ సిలిండర్ మూతనే నమ్మండి. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు. అది డాట్ 4 జాతిదే. పాత హార్లీ విడిభాగాలు కొని వేసుకున్నవాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి, వాటిలో డాట్ 5 వాడేవారు.

నిప్పిల్‌కి సరిపోయే రింగ్ స్పానర్, సాధారణంగా 8 మి.మీ., కొన్నిటికి 10. ఓపెన్ స్పానర్ వద్దు, మూలలు అరిగిపోతాయి.

లోపల ఏం జరుగుతోందో కనపడే సన్నటి పైపు ఒక మీటరు. చేపల తొట్టెకి గాలి పంపే పైపు చక్కగా సరిపోతుంది. ఒక ఖాళీ సీసా. మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజీలు రెండు, ఒకటి పాత ఆయిల్ లాగడానికి, ఒకటి కొత్తది ఎక్కించడానికి. రెండూ కలిసిపోకుండా ఒకదానికి టేపు చుట్టండి.

డిస్కు మందం ఉన్న చెక్క ముక్క, సుమారు 4, 5 మి.మీ. బ్యాంజో బోల్టు విప్పే అవకాశం ఉంటే కొత్త రాగి వాషర్లు. బకెట్ నీళ్లు, మగ్గు, పాత గుడ్డలు.

నీళ్లు ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. ముప్పై వేలు పెట్టి ట్యాంక్‌కి రంగు వేయించుకున్నవాళ్లకి నేను విడిగా చెప్పక్కర్లేదు. చుక్క పడితే తుడవకండి, తుడిస్తే ఇంకా పాముకుంటుంది. వెంటనే నీళ్లు పొయ్యండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే.

ముందురోజు రాత్రి

మన విశాఖలో ఇది తప్పనిసరి. బీచ్ రోడ్డు పక్కన, పెదవాల్తేరులో, భీమిలి వైపు ఆరుబయట నిలిపే బళ్లకి ఉప్పుగాలి తగిలి నిప్పిల్ కాలిపర్‌లో అతుక్కుపోతుంది. రబ్బరు టోపీ ఊడిపోయి ఉంటే ఆ తుప్పు ఇంకా లోతుగా ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే నిప్పిల్ మొదట్లో కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. పొద్దున్నే స్పానర్ వేసే ముందు నిప్పిల్ తల మీద చిన్న సుత్తితో రెండు మూడు సార్లు తట్టండి. అప్పటికీ కదలకపోతే బలం పెట్టి విరగ్గొట్టుకోవద్దు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. విరిగాక తియ్యడం కంటే విరగకముందు తియ్యడం వాళ్లకీ తేలిక, మీకూ చవక.

వాన రోజు ఈ పని పెట్టుకోకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అనంతగిరి ఘాట్ దిగుతూ వెనక బ్రేక్ మీదే కాలు ఉంచేవాళ్లకి పెడల్ ఉన్నట్టుండి ఖాళీగా ఎందుకు దిగిపోతుందో ఇక్కడే ఉంది జవాబు. నీరున్న ఆయిల్ మరిగి ఆవిరి అవుతుంది, ఆవిరీ గాలిలాగే నలుగుతుంది.

పని మొదలు

1. బండిని నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉంటే డబ్బాలో మట్టం తప్పు చూపిస్తుంది. డబ్బా చుట్టూ శుభ్రంగా తుడిచాకే మూత తియ్యండి.

2. డబ్బాలో ఉన్న పాత ఆయిల్‌ని సిరంజీతో లాగేసి, అడుగున మడ్డి ఉంటే నూలు రాలని గుడ్డతో తుడవండి. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు దగ్గరికి కూడా తేవద్దు. ఒక్క చుక్క లోపలికి పోయినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, మొత్తం సిస్టమ్ విప్పి సీళ్లన్నీ మార్చాల్సి వస్తుంది. తర్వాత కొత్త ఆయిల్ పై గీత దాకా పొయ్యండి.

3. నిప్పిల్ 12 గంటల దగ్గర లేకపోతే కాలిపర్‌ని విప్పండి. పైపు విప్పక్కర్లేదు, పట్టి ఉంచిన బోల్టులు మాత్రం తీస్తే చాలు. ప్యాడ్ల మధ్య చెక్క ముక్క దూర్చండి. ఇది మర్చిపోయి పెడల్ తొక్కితే పిస్టన్లు బయటికి ఊడి వస్తాయి. ఇప్పుడు నిప్పిల్ ఆకాశం వైపు చూసేలా కాలిపర్‌ని తిప్పి, సీటు రైలుకో స్వింగ్ ఆర్మ్‌కో తాడుతో కట్టండి. పైపు మెలిపడకూడదు, కాలిపర్ బరువు పైపు మీద వేలాడకూడదు. వీలైతే గూని కంటే కూడా ఎత్తులో కట్టండి. మాస్టర్ సిలిండర్ నుంచి నిప్పిల్ దాకా దారంతా ఎక్కుడుగా ఉంటే గాలి దానంతటదే నడిచి వస్తుంది.

4. నిప్పిల్‌కి ముందు రింగ్ స్పానర్ తొడిగి, ఆ తర్వాత పైపు తగిలించండి. పైపు రెండో కొస సీసాలో అంగుళం లోతు ఆయిల్‌లో మునిగి ఉండాలి. పైపు నిప్పిల్ నుంచి ముందు పైకి లేచి, తర్వాత సీసాలోకి వంగాలి. అప్పుడు బయటికొచ్చిన బుడగ మళ్లీ వెనక్కి రాదు.

5. ఇప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు నిప్పిల్ దగ్గర. మాటలు ముందే అనుకోండి, ఎందుకంటే ఈ పనిలో సగం తప్పులు మాట సరిగ్గా అందకే జరుగుతాయి. మా ఇంట్లో పెడల్ మీద మా మేనల్లుడు ఉంటాడు. నేను "నొక్కు" అంటే నెమ్మదిగా మూడుసార్లు నొక్కి, మూడోసారి అలాగే పట్టుకుని "పట్టాను మావయ్యా" అంటాడు. ఆ మాట వినపడ్డాకే నేను నిప్పిల్‌ని పావు తిప్పు వదులు చేస్తాను. పైపులోకి ఆయిల్ జర్రున వస్తుంది, పెడల్ కిందికి పోతుంది. మొదటిసారి వాడు కంగారుపడి "కాలు దిగిపోతోంది మావయ్యా" అని పెడల్ వదిలేశాడు. అంతే, అప్పటిదాకా తీసిన గాలంతా ఒక్క గుక్కలో వెనక్కి పోయింది. కాలు దిగాల్సిందే. నిప్పిల్ బిగించి నేను "వదులు" అన్నాకే కాలు తియ్యాలి.

6. ఇలాగే చేస్తూ పోండి. వెనక డబ్బా చిన్నది, అయిదారు నొక్కులకే సగం ఖాళీ అవుతుంది. ప్రతి అయిదింటికీ ఆగి చూసి పొయ్యండి. డబ్బా అడుగు కనపడిందంటే గాలి లోపలికి పోయినట్టే, మళ్లీ మొదటికి వస్తారు. మధ్యమధ్యలో స్పానర్ పిడితో పైపు పొడవునా, కాలిపర్ మీద మెల్లగా తట్టండి. గోడలకి అంటుకున్న బుడగలు విడిపోతాయి.

పైపులో వచ్చేదాన్ని జాగ్రత్తగా చూడండి. మొదట డికాషన్ రంగులో పాత ఆయిల్, మధ్యలో బఠాణీ గింజంత బుడగలు. తర్వాత రంగు తేలి, సోడా సీసాలోలాగా సన్నటి నురగ. ఈ నురగ దగ్గరే చాలామంది ఆపేస్తారు, "ఇంక పర్లేదులే" అని. ఆపకండి. ఆ సన్న బుడగలే రేపు ఒకచోట చేరి పెద్ద బుడగ అవుతాయి. వరసగా పది నొక్కులకి ఒక్క బుడగ కూడా లేకుండా తేట ఆయిల్ రావాలి.

ఒక చిన్న చిక్కుంది. నిప్పిల్ మరలోంచి గాలి పీల్చుకుని పైపులో ఆగకుండా బుడగలు కనపడొచ్చు, ముఖ్యంగా సిరంజీతోనో పంపుతోనో లాగేవాళ్లకి. పెడల్ గట్టిపడింది, బుడగలు మాత్రం ఆగట్లేదంటే అనుమానం అక్కడ పెట్టండి. నిప్పిల్ తీసి మరకి మాత్రమే రెండు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టి చూడండి. కొసకి, రంధ్రానికి తగలకూడదు.

7. తర్వాత మాస్టర్ సిలిండర్ దగ్గరి బ్యాంజో బోల్టు. పెడల్ అలాగే నొక్కి పట్టించి, చుట్టూ గుడ్డ కప్పి, బోల్టుని కొంచెం వదులు చేసి వెంటనే బిగించండి. చిటపటమని గాలి, వెంట ఆయిల్ వస్తాయి. మాస్టర్ సిలిండర్‌ని పడుకోబెట్టి బిగించిన బళ్లలో చివరి బుడగ దొరికేది చాలాసార్లు ఇక్కడే. రెండు మూడు సార్లు చాలు. బోల్టు పూర్తిగా విప్పాల్సి వస్తే వాషర్లు కొత్తవే వెయ్యండి. పని అయ్యాక నీళ్లు పొయ్యడం మర్చిపోవద్దు.

8. చెక్క ముక్క తీసి కాలిపర్‌ని డిస్కు మీద బిగించండి. బోల్టుల బిగింపు మీ బండి మాన్యువల్ ప్రకారం. బ్రాకెట్ ఎవరో తయారుచేసింది అయితే, బోల్టు దానికి కనీసం తన మందం అంత లోతు పట్టిందో లేదో చూడండి. తర్వాత పెడల్ నాలుగైదు సార్లు నొక్కి ప్యాడ్లని డిస్కుకి చేర్చండి. నిప్పిల్ బిగించడానికి మణికట్టు బలం చాలు, అది లోపల బోలుగా ఉండే సన్నటి ముక్క. రబ్బరు టోపీ పెట్టండి. లేకపోతే కొనండి, పది రూపాయల వస్తువు ఉప్పుగాలి నుంచి కాలిపర్‌ని కాపాడుతుంది. డబ్బాలో ఆయిల్ పై గీత దాటకుండా ఉంచి మూత వెయ్యండి.

ఒక్కరే ఉన్నారా? లేదా పైపు పూర్తిగా ఖాళీనా?

కొత్త స్టీల్ అల్లిక పైపు వేసినప్పుడు, మాస్టర్ సిలిండర్ ఎండిపోయినప్పుడు పైనుంచి కిందికి తొక్కడం దండగ. కిందనుంచి పైకి ఎక్కించండి. డబ్బాలో ఆయిల్ దాదాపు తీసేసి, సిరంజీ నిండా కొత్త ఆయిల్ పట్టి, అందులోని గాలి ముందు బయటికి నెట్టి, పైపుతో నిప్పిల్‌కి తగిలించండి. నిప్పిల్ పావు తిప్పు వదిలి నెమ్మదిగా నొక్కండి. పెడల్ మీద ఏ బరువూ ఉండకూడదు. కాసేపటికి డబ్బాలో బుడగలు పైకి తేలతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పొర్లకుండా రెండో సిరంజీతో లాగుతూ ఉండండి. తర్వాత పైన చెప్పిన అయిదో అంచె పది నొక్కులు చేస్తే చాలు. పాత మడ్డి ఉన్న బండికి ఇది చెయ్యకండి, మడ్డి మాస్టర్ సిలిండర్‌లోకి ఎక్కుతుంది.

వెనక చక్రానికి కూడా ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఈ ఎదురు పద్ధతి అసలు వద్దు. ఏబీఎస్ వాల్వులుండే మాడ్యులేటర్‌లో గాలి చేరితే దాని వాల్వులని కంప్యూటర్ పరికరంతో తెరిపించాల్సి రావచ్చు. ఆ పని సర్వీస్ సెంటర్‌కే వదిలెయ్యండి. ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్నవాటిలో వెనక పైపు సాధారణంగా నేరుగా వెళ్తుంది, మీదేదో పైపుని అనుసరించి చూసి తేల్చుకోండి.

ఇంకా కొంచెం మెత్తగా అనిపిస్తే పెడల్‌ని నొక్కి తాడుతో కట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్న వదిలితే సన్న బుడగలు డబ్బాలోకి తేలతాయి. మిగిలిపోయిన కాస్త గాలికే ఇది పనికొస్తుంది.

సరిగ్గా అయిందో లేదో చూడటం

నేల నుంచి పెడల్ కొస దాకా టేపు పెట్టి కొలవండి. ఒక్కసారి నొక్కి ఎక్కడ ఆగిందో రాసుకోండి. వెంటవెంటనే అయిదు సార్లు నొక్కి మళ్లీ కొలవండి. రెండో కొలత పైన ఉంటే, అంటే తొక్కేకొద్దీ పెడల్ లేస్తుంటే, గాలి ఇంకా ఉంది. గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయింది.

చక్రాన్ని చేత్తో తిప్పండి. పెడల్ నొక్కితే ఠక్కున ఆగాలి, వదలగానే తేలిగ్గా తిరగాలి. బ్రేక్ లైటు వెలుగుతోందా చూడండి. నిప్పిల్, బ్యాంజో బోల్టుల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి, పదిసార్లు గట్టిగా తొక్కి కాగితం విప్పండి. తడి మచ్చ ఉండకూడదు.

ఆ తర్వాత ఇంటి ముందే నడక వేగంలో, ఆపై ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంలో ఆపి చూడండి. ముందు బ్రేక్ మంచిగా ఉందని ముందే నిర్ధారించుకోండి. తిన్నగా సింహాచలం కొండ మీదికి తీసుకెళ్లి పరీక్ష చెయ్యడం వద్దు.

గాలి కాకపోతే

అన్నీ చేసినా మెత్తగానే ఉంటే వెనక ఉన్న కారణాలు వేరు. పాత రబ్బరు పైపు నొక్కినప్పుడల్లా ఉబ్బుతుంది, చెయ్యి వేసి పట్టుకుంటే తెలుస్తుంది. కాలిపర్ బ్రాకెట్ పలచటి రేకుతో చేసినదైతే అది వంగుతుంది. పెడల్ తొక్కిస్తూ పక్కనుంచి చూడండి, కాలిపర్ కదిలితే కనపడుతుంది. డిస్కు వంకరగా ఉంటే అది పిస్టన్లని వెనక్కి నెడుతుంది, అందుకే నిలబడి ఉన్నప్పుడు గట్టిగా ఉన్న పెడల్ కాస్త దూరం నడిపాక దిగిపోతుంది. పెద్ద పిస్టన్ల కాలిపర్‌కి చిన్న మాస్టర్ సిలిండర్ కలిపితే పెడల్ ఎప్పటికీ లోతుగానే దిగుతుంది, అది జత కుదరకపోవడం. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లకి ఆయిల్ తగిలిందేమో చూడండి. తగిలితే ప్యాడ్లు మార్చాల్సిందే, ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ వేసుకోకండి.

మర్నాడు పొద్దున్న ఇంజిన్ వెయ్యకముందు పెడల్ మళ్లీ కొలిచి, నిన్న రాసుకున్న అంకెతో పోల్చండి. మిగిలిన ఆయిల్ సీసా మూత తీశాక దాచుకుని ఆరు నెలలకి వాడేది కాదు. పాతదాన్ని గెడ్డలో పారబోయకండి, మన గెడ్డలన్నీ సముద్రంలోకే పోతాయి. మూత బిగించిన సీసాలో పెట్టి, పాత ఇంజిన్ ఆయిల్ కొనే వర్క్‌షాపులో "ఇది బ్రేక్ ఆయిల్" అని చెప్పి, విడిగా తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి.